ఆకలికీ ఒక చరిత్ర ఉంది

లావుగా ఉన్నవారిని చూడగానే 'నోరు కట్టుకోలేరా?' అనడం మనకు అలవాటు. ఆ మాట అనేముందు పాఠకులు పల్నాటి చరిత్రనూ, శరీరధర్మాన్నీ ఒకసారి గమనించవలసిందిగా కోరుతున్నాను.

పల్నాటిలో జొన్నకూడు తప్ప సన్నబియ్యపు అన్నం దొరకదని శ్రీనాథ మహాకవి విసుక్కున్నట్లు ప్రతీతి. ఈ మెట్టసీమకు జొన్న, సజ్జలే తరతరాల ఆహారం. మాచర్లకు సమీపాన నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కుడికాలువకు నీరు వదిలారు. గురజాల, నరసరావుపేట ప్రాంతాలలో వరి విస్తరించింది. వరి అన్నం నిత్యభోజనమైంది. ఆ తరువాత యంత్రాలు వచ్చి ఒంటి శ్రమను తగ్గించాయి.

అయితే ఒకే కుండలోని అన్నం తిన్న అన్నదమ్ములలో ఒకరే లావెక్కడానికి కారణమేమిటి? జన్యువుల పాత్ర ఇందులో చాలా ఎక్కువ. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును కనుగొన్నది. కొవ్వు కణాల నుండి వెలువడే ఈ హార్మోను, నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు తెలుపుతుంది. 1996లో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెంచుతున్న ఎలుకలలో స్థూలకాయ జాతి ఒకటి బయటపడింది. వాటి రక్తంలో లెప్టిన్ మిక్కిలిగా ఉన్నది. కాని మెదడు ఆ సందేశాన్ని స్వీకరించదు. కడుపు నిండినా ఆకలి తీరదు. స్థూలకాయులలో చాలామంది స్థితి ఇటువంటిదే.

పైగా, బరువు తగ్గగానే లెప్టిన్ పడిపోయి ఆకలి పెరుగుతుంది. శరీరం శక్తి వ్యయాన్ని తగ్గించుకుంటుంది. కరవుకాలంలో ప్రాణం నిలిపిన రక్షణ ఏర్పాటే ఇది. తగ్గిన బరువు తిరిగి రావడాన్ని సంకల్పలోపమని నిందించడం న్యాయం కాదు.

నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే వైద్యుని సంప్రదించండి. థైరాయిడ్ లోపం, స్టెరాయిడ్ మందుల వాడకం వంటి కారణాలను ముందుగా పరిశీలించాలి. అన్నం తగ్గించి పప్పు, కూరగాయలు పెంచడం, నిత్యం నడవడం, తగినంత నిద్ర చికిత్సకు పునాదులు. అవి చాలనప్పుడు, ఆకలిని అదుపు చేసే సెమాగ్లూటైడ్ వంటి మందులు వైద్యుని పర్యవేక్షణలో ఉపకరిస్తాయి. వాటిని ఆపితే బరువు తిరిగి రావచ్చు. తీవ్ర స్థూలకాయానికి శస్త్రచికిత్స కూడా ఉన్నది.

రక్తపోటు ఉన్నవారికి మందు ఇస్తాము, మందలింపు కాదు. స్థూలకాయులకూ అదే మర్యాద దక్కాలి.