నాలుగు మూలలు కలిసే చుక్క

2021లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రానికి వేటకి వచ్చిన నలుగురు మిజోరీవాసులు తమ సామాన్లతో పాటు ఒక స్టీలు నిచ్చెన కూడా తెచ్చుకున్నారు. ఎల్క్ మౌంటెన్ అనే కొండ దగ్గర, చదరంగం బల్ల మీద నాలుగు గళ్ళు కలిసినట్టు, నాలుగు భూముల మూలలు ఒకే చుక్కలో కలుస్తాయి. రెండు గళ్ళు ప్రభుత్వానివి, రెండు ఒక ప్రైవేటు రాంచ్‌వి. వాళ్ళు ఒక ప్రభుత్వ గడిలో నిచ్చెన ఎక్కి, ఎదురు మూలలో ఉన్న మరో ప్రభుత్వ గడిలో దిగారు. ప్రైవేటు నేల మీద కాలు పెట్టలేదు. అయినా అక్రమ ప్రవేశం కేసు పడింది. కాలు పెట్టకపోయినా, ఆ చుక్క దాటేటప్పుడు మీ భుజాలు మా భూమి పైనున్న గాల్లోంచి వెళ్ళాయి కదా, అన్నది యజమాని కంపెనీ ఐరన్ బార్ హోల్డింగ్స్ వాదన. ఇలా మూల దాటడం చట్టబద్ధమైతే తన ఆస్తి విలువ 70 లక్షల డాలర్లకు పైనే పడిపోతుందని కూడా లెక్క చెప్పింది.

కొండల్లో, గడ్డి మైదానంలో, కంటికి కనిపించని ఆ చుక్క ఎక్కడుందో వాళ్ళకెలా తెలిసింది? ఫోన్‌లో ఉన్న ఆన్‌ఎక్స్ హంట్ అనే మ్యాపు యాప్ చూపించింది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం. వేట యాప్‌ల గొడవ మనకెందుకు అనిపించడం సహజమే. నాకూ వేట మీద ఆసక్తి లేదు. కానీ డేటాతో పనిచేసేవాడిగా ఈ యాప్‌లని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే, వాటి వెనక రెండు శతాబ్దాలు దాటిన భూమి చరిత్ర కనిపించింది. అది ఆసక్తిగా అనిపించింది.

ముందు పోలిక సంగతి చూద్దాం. వేటకి ముందు నేలని రెక్కీ చేసుకోవడానికి అమెరికాలో చాలా యాప్‌లున్నాయి. గాయా జీపీఎస్ ప్రధానంగా కొండలెక్కేవాళ్ళది. రకరకాల మ్యాపుల్ని పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి పేర్చి చూసుకోవచ్చు. క్యాల్‌టోపో అడవుల్లో తప్పిపోయినవాళ్ళని వెతికే బృందాల అవసరాల్లోంచి పుట్టింది. వాలు ఎంత నిటారుగా ఉందో రంగుల్లో చూపిస్తుంది, కాగితం మీద శుభ్రంగా ప్రింటు తీసుకోవచ్చు. హంట్‌స్టాండ్ బలం గాలి. జంతువు మనిషిని కంటితో చూసేలోపే ముక్కుతో పసిగడుతుంది కాబట్టి, మన వాసనని గాలి ఎటు మోసుకెళ్తుందో మ్యాపు మీద విసనకర్రలా గీసి చూపిస్తుంది. గోహంట్ లాటరీ లెక్కలతో పేరు తెచ్చుకుంది. పడమటి రాష్ట్రాల్లో చాలాచోట్ల వేట అనుమతులు లాటరీలో వస్తాయి. ఏ ప్రాంతంలో ఎవరికి ఎంత అవకాశం ఉందో చెప్పడం దాని వ్యాపారం.

ఉపగ్రహ చిత్రాలు, ఎత్తుపల్లాల గీతలు, సిగ్నల్ లేకపోయినా పనిచేసే మ్యాపులు ఇప్పుడు దాదాపు అందరి దగ్గరా ఉన్నాయి. తేడా అంతా ఒక్క పొర దగ్గర వస్తుంది: ఈ నేల ఎవరిది? ఆన్‌ఎక్స్ పేరు నిలబడింది దాని మీదే. ఒక గడి మీద వేలు పెడితే యజమాని పేరు వస్తుంది. తర్వాత మిగతావాళ్ళూ ఆ పొరని చేర్చుకోక తప్పలేదు.

ఈ పొర మీద కనిపించే గీతలు ఫోన్ల కాలంలో పుట్టినవి కావు. 1785లో, కొత్తగా స్వతంత్రమైన అమెరికా దగ్గర డబ్బు లేదు, భూమి మాత్రం ఉంది. నిజానికి అది అప్పటికే స్థానిక తెగలు బతుకుతున్న భూమి. అమ్మాలంటే కొలవాలి. ఆ ఏడాది వచ్చిన భూమి ఆర్డినెన్సు నేలని 6 మైళ్ళ పొడవు, 6 మైళ్ళ వెడల్పు ఉన్న టౌన్‌షిప్పులుగా, ఒక్కో టౌన్‌షిప్పుని చదరపు మైలు చొప్పున 36 ముక్కలుగా కోయమంది. తర్వాత సెక్షన్ అనే పేరు స్థిరపడిన ఆ ముక్క 640 ఎకరాలు. కొండ వచ్చినా ఏరు వచ్చినా గీత తిన్నగానే పోవాలి. ఒహాయో నది ఒడ్డున, ఈస్ట్ లివర్‌పూల్ దగ్గర మొదలైన ఆ గళ్ళు పడమటి వైపు వేల మైళ్ళు పాకాయి.

కొలిచింది గుంటర్ గొలుసుతో. 66 అడుగుల పొడవు, 100 లింకులు. 80 గొలుసులు ఒక మైలు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. ఇది మనకీ కొత్త కాదు. ఇంగ్లీషువాళ్ళ సర్వేతో అదే గొలుసు ఇక్కడికీ వచ్చింది. కోస్తాలో మనం సెంట్లలో చెప్పుకునే స్థలం లెక్క అదే: ఒక సెంటు అంటే సరిగ్గా 1,000 చదరపు లింకులు. తెలంగాణలో గుంట అంటే 33 అడుగులకి 33 అడుగులు, అంటే అర గొలుసుకి అర గొలుసు. గుంటూరు పక్కన అమ్మకానికి పెట్టిన 5 సెంట్ల ప్లాటు, వయోమింగ్‌లో 640 ఎకరాల సెక్షన్ ఒకే గొలుసుకి పుట్టాయి.

సెక్షన్లకి అంకెలు వెయ్యడంలో ఒక చిన్న విషయం ఉంది, ప్రోగ్రామర్లకి నచ్చుతుంది. 1785 పద్ధతిలో ఒక వరస 1 నుంచి 6 దాకా వేసి, పక్క వరస మళ్ళీ మొదటి వైపు నుంచే 7తో మొదలవుతుంది. 1796 చట్టం దాన్ని మార్చి, ఎద్దు దున్నినట్టు ఒక సాలు ఇటు, ఒక సాలు అటు అంకెలు వేయించింది. ఈ మార్పుతో ఏమైందో కాగితం మీద గీసి చూడండి. పాత పద్ధతిలో 1 పక్కన 7 వస్తుంది, రెండూ బేసి. బేసి గళ్ళకి రంగు వేస్తే చారలు వస్తాయి. కొత్త పద్ధతిలో 6 పక్కన 7 వస్తుంది. బేసి గళ్ళకి రంగు వేస్తే అచ్చం చదరంగం బల్ల. చారల్లో అయితే మూల అనే సమస్యే లేదు, ఒక చారలోకి దిగినవాడు ఆ పొడవునా నడిచిపోవచ్చు. చదరంగంలో మాత్రం ఒకే రంగు గళ్ళు మూలల దగ్గర తప్ప ఎక్కడా కలవవు.

ఆ బేసి గళ్ళకి రంగు వేసింది రైలు. 1862 పసిఫిక్ రైల్వే చట్టం, దాన్ని పెంచిన 1864 చట్టం కలిసి, పట్టాలకి రెండు పక్కలా 20 మైళ్ళ మేర బేసి సంఖ్యల సెక్షన్లని రైలు కంపెనీలకి ఇచ్చాయి. సరి సంఖ్యలవి ప్రభుత్వం ఉంచుకుంది. రైలు వస్తే చుట్టుపక్కల భూమి ధర పెరుగుతుంది, అప్పుడు మన సగాన్ని రెట్టింపు ధరకి అమ్ముకోవచ్చు అన్నది ఆలోచన. రియల్ ఎస్టేట్ బుర్రే, సందేహం లేదు. కానీ దక్షిణ వయోమింగ్‌లో వాన చాలా తక్కువ. అక్కడ 160 ఎకరాలు ఇచ్చినా ఒక కుటుంబం బతకదు. బేసి గళ్ళు చేతులు మారి పెద్ద రాంచ్‌లయ్యాయి. సరి గళ్ళు చాలావరకు కొనేవాడు లేక ప్రభుత్వం దగ్గరే మిగిలాయి.

అప్పుడు పశువుల కామందులకి ఒక కిటుకు తట్టింది. కంచె మొత్తం మన బేసి గళ్ళలోనే, అంచుకి కాస్త ఇవతలగా వేసుకుంటూ పోతే, లోపలి సరి గళ్ళు కూడా మన చేతిలోకే వస్తాయి. 1885లో అమెరికా కాంగ్రెస్ ఇలాంటి అక్రమ ఆవరణలని నిషేధించింది. కొలరాడోలో సుమారు 20 వేల ఎకరాల ప్రభుత్వ భూమిని ఇలాగే చుట్టేసిన క్యామ్‌ఫీల్డ్ అనే అతను, కంచె నా నేల మీదే ఉంది కదా అని వాదించాడు. 1897లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అయితే 1979లో అదే కోర్టు, లియో షీప్ కంపెనీ కేసులో, చదరంగం గళ్ళ మీదుగా జలాశయానికి రోడ్డు వేసే హక్కు ప్రభుత్వానికి లేదంది. 1862లో భూమి ఇచ్చేటప్పుడు దారి హక్కు అట్టిపెట్టుకోలేదు కాబట్టి ఇప్పుడు అడక్కూడదని. మరి మనిషి నడుచుకుంటూ మూల దాటితే? ఆ ప్రశ్నకి ఈ రెండు తీర్పుల్లోనూ సూటిగా జవాబు లేదు.

జవాబు లేకపోయినా దశాబ్దాల పాటు బండి నడిచిపోయింది. కారణం ఏమిటంటే, చుక్క ఎక్కడుందో మామూలు మనిషికి తెలీదు. భూమి రికార్డులు రహస్యం కావు, కౌంటీ ఆఫీసుకి వెళ్తే చూపిస్తారు. కేంద్ర భూ నిర్వహణ సంస్థ లక్షకి ఒకటి స్కేలులో మ్యాపులు అచ్చువేసేది: తన భూమి పసుపు, అడవి శాఖది ఆకుపచ్చ, రాష్ట్రానిది నీలం, ప్రైవేటుది తెలుపు. ఆ మ్యాపు మీద ఒక మిల్లీమీటరు నేల మీద 100 మీటర్లు. దాన్ని పట్టుకుని మూల వెతకడం అయ్యే పని కాదు. అందుకే హద్దు ఎక్కడో రాంచ్‌వాడు చెప్పిందే హద్దు. మన ఊళ్ళలో 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యేదాకా కరణం దస్త్రానికి ఉన్న బలం ఎలాంటిదో గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లెక్క అందరిదే, చదవగలిగేది ఒక్కడే.

2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలుపుతున్న పొరపాటుని ఆపేసింది. పౌరుల చేతిలోని యంత్రాలకి అంతకుముందు 100 మీటర్ల దాకా వచ్చే తేడా బాగా తగ్గిపోయింది. 2009లో మోంటానాలో ఎరిక్ సీగ్‌ఫ్రైడ్ అనే వేటగాడు భూమి యజమానుల వివరాలని గార్మిన్ జీపీఎస్ యంత్రాల్లో పెట్టుకునే చిన్న చిప్పు మీదకెక్కించి అమ్మడం మొదలుపెట్టాడు. అదే ఆన్‌ఎక్స్ మొదలు. కొన్నేళ్ళకి చిప్పు పోయి ఫోన్ వచ్చింది.

వినడానికి తేలికే గానీ, ఇది ఎంత చాకిరో ఊహించగలను. అమెరికాలో 3 వేలకు పైగా కౌంటీలున్నాయి. చాలాచోట్ల భూమి రికార్డు కౌంటీ దగ్గరే ఉంటుంది, ఒకరి ఫార్మాట్ ఇంకొకరిది కాదు. ఒకచోట యజమాని పేరు ముందు, ఇంకోచోట ఇంటిపేరు ముందు. ఒకరు వెంటనే మారుస్తారు, ఒకరు ఏడాదికోసారి. వీటన్నిటినీ ఒకే టేబుల్‌లోకి తెచ్చి, తాజాగా ఉంచడమే అసలు సరుకు. మనం చందా కడుతున్నది గీతలకి కాదు, ఆ ఊడ్చి శుభ్రం చేసే పనికి.

అంత డేటా ఒకచోట చేరాక, ఎవరూ అడగని ప్రశ్నలు అడగొచ్చు. 2022లో ఆన్‌ఎక్స్ వాళ్ళు పడమటి 11 రాష్ట్రాల్లో మూల దాటితే తప్ప చేరలేని ప్రభుత్వ భూమి ఎంతుందో లెక్కేశారు: 83 లక్షల ఎకరాలు, 27,120 మూలలు. తెలంగాణ విస్తీర్ణంలో దాదాపు 30 శాతం. కాగితం మీద ప్రజలందరిది, నిజానికి పక్క రాంచ్ పెరడు.

ఇక్కడ రెండో వైపు కూడా చూడాలి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట సుమారు 5 మీటర్ల తేడాతో పనిచేస్తుంది. మూల అనేది చుక్క, దానికి వెడల్పే లేదు. తెర మీద నీలం బొట్టు సరిగ్గా మూల మీద ఉన్నా మనం పక్కవాడి నేల మీద నిలబడి ఉండొచ్చు. పైగా యాప్‌లోని గీత సర్వే గీతకి నకలు మాత్రమే. ఏ యాప్‌ని దేనితో పోల్చినా ఈ విషయంలో అన్నీ ఒకటే. చట్టం ముందు నిలబడేది నేలలో పాతిన సర్వే గుర్తు. ఎల్క్ మౌంటెన్ వేటగాళ్ళు యాప్‌తో మూల దాకా వెళ్ళారు, అక్కడ సర్వే గుర్తు చూసుకుని దాటారు. పైగా యాప్ సాక్షి కూడా అవుతుంది. వాళ్ళలో ఒకరు యాప్‌లో పెట్టుకున్న ఒక గుర్తు ప్రైవేటు నేల మీద పడిందని రాంచ్ పక్షం కోర్టులో ఎత్తి చూపింది. తర్వాత ఆ అంశాన్ని వదులుకుంది. రైతుల, రాంచ్‌వాళ్ళ భయం కూడా పూర్తిగా కొట్టిపారేసేది కాదు. ముక్కూమొహం తెలీనివాళ్ళ ఫోన్లలో తన పేరు, తన గట్టు కనిపిస్తుంటే ఎవరికైనా ఇబ్బందే.

2022లో కార్బన్ కౌంటీ జ్యూరీ వేటగాళ్ళు నేరం చెయ్యలేదంది. 2023లో ఫెడరల్ జిల్లా కోర్టు కూడా వాళ్ళ వైపే తీర్పిచ్చింది. 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆధారం ఏ కొత్త చట్టమో కాదు, పశువుల కామందుల కంచెల మీద వచ్చిన ఆ 1885 చట్టమే. కంచె వేసి ఆపడం ఎంత తప్పో, కేసు వేసి ఆపడం కూడా అంతేనన్నది సారాంశం. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి నిరాకరించింది.

చట్టం 1885 నుంచీ ఉంది. చుక్కలు అంతకుముందు నుంచీ ఉన్నాయి. మధ్యలో వందేళ్ళకు పైగా, ఆ రెండిటినీ కలిపి చదివే సాధనం మామూలు మనిషి జేబులో లేదు. యాప్ ఎవరికీ కొత్త హక్కు ఇవ్వలేదు, ఉన్న హక్కు ఎక్కడ మొదలవుతుందో చూపించింది. అయితే అది చూపించడానికి ఏడాదికింతని చందా తీసుకుంటుంది. కరణం దస్త్రం ఊళ్ళోంచి సర్వర్‌లోకి మారిందని ఎవరైనా అంటే, పూర్తిగా కాదనలేను.

తీర్పు కూడా అన్నిచోట్లా చెల్లదు. పదో సర్క్యూట్ కింద ఉన్న వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూమెక్సికో, కాన్సాస్, ఓక్లహోమాలకే అది వర్తిస్తుంది. యాప్ పుట్టిన మోంటానా తొమ్మిదో సర్క్యూట్ కిందకి వస్తుంది. అక్కడ వేటగాడి ఫోన్‌లో మూల స్పష్టంగానే కనిపిస్తుంది, దాటొచ్చో లేదో చెప్పే తీర్పు మాత్రం ఇంకా రాలేదు.