మోస్తార్: వంతెన లేచింది, సభ లేవలేదు

బోస్నియాలోని మోస్తార్ నగరాన్ని గురించి వ్రాసేవారు నెరేత్వా నదిమీది పాత వంతెనతోనే మొదలుపెడతారు. 1566లో ఆటోమన్ తురుష్కుల ఏలుబడిలో కట్టిన ఆ రాతి వంతెన 1993 నవంబరు 9న క్రోట్ సేనల ఫిరంగి గుండ్లకు కూలింది. 2004 జూలైలో తిరిగి లేచింది. కథ సుఖాంతమైందని లోకం సంతోషించింది. అసలు కథ అక్కడే మొదలైందని నేనంటాను.

యుద్ధానంతరం నగరాన్ని ఆరు మునిసిపాలిటీలు చేశారు: మూడింట క్రోట్లది ఆధిక్యం, మూడింట బోస్నియాక్ ముస్లిములది. 2004లో అంతర్జాతీయ ప్రతినిధి ఆష్‌డౌన్ శాసనంతో అవి ఒకటైనాయి. కాగితం మీద! విశ్వవిద్యాలయాలు రెండు, అగ్నిమాపక దళాలు రెండు అలాగే మిగిలాయి. 2010లో రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికల నిబంధనలు కొన్ని చెల్లవన్నది. వాటిని సవరించడానికి పెద్ద పక్షాలు రెండూ రాజీపడలేదు. ఫలితం: 2008 తర్వాత 2020 డిసెంబరు దాకా నగరసభకు ఎన్నికలే లేవు.

దీన్ని జాతివైరమని సరిపెట్టేవారున్నారు. అది సగం నిజమే. నగరసభ లేకపోతే ఖర్చుకు లెక్క అడిగేవారుండరు. అది ఎవరికి లాభం? ఏ జాతి సామాన్యునికీ కాదు.

మోస్తార్ పౌరురాలు ఇర్మా బారలియా స్ట్రాస్‌బర్గ్ మానవహక్కుల న్యాయస్థానంలో 2019లో గెలిచింది. ఆమెకు జరిగిన అన్యాయం జాతినిబట్టి కాదు, నివాసాన్నిబట్టి అని తీర్పు. ఆ ఊళ్లో కాపురమున్నందుకే వోటు పోయిందన్నమాట. ఆ నష్టం క్రోటుకూ, బోస్నియాక్‌కూ, సెర్బుకూ ఒక్కటే.

వంతెనను పైనుంచి వచ్చిన ధనంతో కట్టవచ్చు. స్వపరిపాలనను మాత్రం ఆ ఊరి ప్రజలే అడిగి తెచ్చుకోవాలి.