పోరాటము – ప్రేక్షకుని తీర్పు



ఇరువురు తలపడిన చోట నలుగురు గుమిగూడుట లోకమున అంతటను కలదు. ఆ నలుగురు దేనిని మెచ్చుదురు, దేనిని త్రోసిపుచ్చుదురు అనునది మాత్రము దేశమును బట్టి, వారు పెరిగిన అలవాటులను బట్టి మారుచుండును. 2003వ సంవత్సరము ఏప్రిల్ నెలలో పోరువిద్య ప్రధానముగా గల తెలుగు చలనచిత్రములు రెండు వారము దినముల లోపుననే ఒకదాని వెంట నొకటి వెలువడినవి. ఒకదానిని ప్రజలు నెత్తికెత్తుకొనిరి, రెండవదానిని ఆదరింపలేదు. ఈ తీర్పునకు కారణమేమి? మన చిత్తూరు, తిరుపతి ప్రాంతముల పాత ఆచారమొకటి ఇందుకు కొంత వెలుగు చూపగలదు.

చిత్తూరు జిల్లా 1911వ సంవత్సరమున ఏర్పడినది. ఉత్తర ఆర్కాటు, కడప, నెల్లూరు జిల్లాల భాగములను చేర్చి దీనిని కూర్చిరి. తెలుగును అరవమును కలిసి మెలగు సీమ యిది. సెంజి ప్రాంతమున బలముగా పాదుకొన్న ద్రౌపదీదేవి కొలువు ఇచ్చటికిని వ్యాపించినది. పుత్తూరు మొదలుగా పెక్కు ఊళ్లలో ధర్మరాజుల గుళ్లు కలవు. ఆ గుళ్లలో భారతపు తిరునాళ్లు జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. సాధారణముగా పదునెనిమిది దినముల ముచ్చట. బకాసురుని కొరకు బండినిండ అన్నము వెడలును. అర్జునుని వేషధారి తపస్సు మాను నెక్కి పద్యములు పాడుచు, పైనుండి నిమ్మపండ్లు, విభూతి విసరును. సంతానము కోరు స్త్రీలు తడిబట్టలతో ఆ మాను క్రింద సాగిలపడుదురు. ఈ సంగతులు మీరందరు ఎరిగినవే.

కడపట వచ్చునది దుర్యోధన వధ. మైదానమున మట్టితో మిక్కిలి పెద్దదిగా దుర్యోధనుని రూపమును పరుండబెట్టుదురు. భీమ దుర్యోధనుల వేషధారులు గదలు పట్టి ఆ ప్రతిమ చుట్టు తిరుగుచు, మీదికెక్కుచు పోరుదురు. తుదకు భీముని గద తొడపై పడగా అందు దాచిన ఎఱ్ఱనీరు పైకుబుకును. ద్రౌపది విడిచిన కురులు అప్పుడు ముడిపడును. ఆ సాయంకాలమే అగ్నిగుండము త్రొక్కుట.

ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. గదాయుద్ధము కొలదిసేపటి పని. దానికొరకు జనులు పదునెనిమిది దినములు వేచియుందురు. జూదము చూచిరి, సభలో జరిగిన అవమానము చూచిరి, అరణ్యవాసము చూచిరి. గద పైకి లేచునప్పటికి ప్రతి ప్రేక్షకునకు దుర్యోధనుని లెక్క కంఠస్థము. వేషధారి గద త్రిప్పు నేర్పును మెచ్చుదురు గాని, వారి కన్ను ఆ తొడపైననే నిలిచియుండును. సభలో ద్రౌపదికి చూపిన తొడ అది. చేసిన తప్పునకు తగిన దెబ్బ తగినచోట తగులుటయే వారు కోరు ఫలము.

ఈ చూపే సినిమా కొట్టములోనికిని నడచివచ్చినది. తెలుగు మాటలాడు చిత్రము 'భక్త ప్రహ్లాద' 1932వ సంవత్సరమున వెలువడినది. చిత్తూరు రామవిలాస సభలో నాటకములాడిన నాగయ్యగారు ఆ ఊరిపేరునే ఇంటిపేరుగా ధరించి వెండితెరపై వెలసిరి. అటుపిమ్మట విఠలాచార్యగారి జానపదములు వచ్చినవి; కాంతారావుగారి కత్తియుద్ధములకు ఈలలు మ్రోగినవి. 1973వ సంవత్సరమున బ్రూస్ లీ మరణించెను. ఆ యేటనే వెలువడిన ఆయన చిత్రము 'ఎంటర్ ది డ్రాగన్' దేశదేశములలో కరాటే, కుంగ్‌ఫూ అను మాటలను ప్రాకించినది. కర్రసాము నెరిగిన మన పల్లెలకు ఈ వట్టిచేతుల విద్య క్రొత్త వేడుకయైనది.

1999లో 'తమ్ముడు' అను చిత్రము వచ్చినది. అన్న కిక్‌బాక్సింగు వీరుడు. ప్రత్యర్థులు అతనిని దెబ్బతీసిరి. సోమరిగా తిరుగు తమ్ముడు కష్టపడి ఆ విద్యను సాధించి అన్న స్థానమున నిలిచి గెలిచినాడు. పవన్ కల్యాణ్‌గారు నాయకులు. జనులు దీనిని మిక్కిలి మెచ్చిరి. 2003 ఏప్రిల్ 25న ఆయనయే కథ వ్రాసి, దర్శకత్వము వహించి, నటించిన 'జానీ' వెలువడినది. కరాటే నభ్యసించినవారగుటచే పోరాటములను నిజమునకు దగ్గరగా తీర్చుటకు శ్రమపడిరి. ఆశలు ఆకాశమునంటినవి, చిత్రము నిలువలేదు. అంతకు ఆరుదినములు ముందుగా విడుదలయైన పూరి జగన్నాథ్‌గారి 'అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి' విజయమునందినది.

జానీ నడక మందమనియు, వినోదము తక్కువయనియు ప్రేక్షకులు పలికిరి. అది కాదనరాదు. అయినను వేరొక కారణము నాకు తోచుచున్నది. 'తమ్ముడు'లో ఎదుట నిలిచినవాడు అన్నకు హాని చేసిన పక్షమువాడు. 'అమ్మ నాన్న'లో ఎదుట నిలిచినవాడు నాయకుని తండ్రికి శిష్యుడై యుండి ఆ యింటికే ద్రోహము తలపెట్టినవాడు. జానీ కథ వేరు. భార్యకు రక్తపు క్యాన్సరు. చికిత్సకు ధనము కావలెను. ధనము కొరకు పందెపు పోరాటములు. ఎదుటి మల్లుడు అతనికిగాని అతని భార్యకుగాని ఏ కీడును చేయలేదు. నిజమైన శత్రువు వ్యాధి. వ్యాధికి తొడ లేదు. గద ఎచ్చట వేయవలెను? పదునెనిమిది రాత్రుల బడిలో చదివిన కన్నులకు దెబ్బ పడవలసిన చోటు కానరాలేదు.

అట్లని మన ప్రేక్షకులు పగతీర్చుకొనుటను మాత్రమే ఎరుగుదురనుట అన్యాయము. భారతముననే బలరాముడు కలడు. నాభికి దిగువను కొట్టరాదని గదాయుద్ధ నియమము. భీముడు దానిని మీరగా, శిష్యులిరువురి పోరును చూడవచ్చిన గురువు మండిపడి నాగలి ఎత్తినాడు. ఆయన పలికినదియు ఒక ప్రేక్షకుని అభిప్రాయమే గదా! తొడ విరిగినప్పుడు సంతోషించు మనసును, ఆ దెబ్బ న్యాయమా అని అడుగు మనసును మన పెద్దలు ఒక్క కథయందే నిలిపిరి. తిరునాళ్లు మరల మరల వచ్చును గనుక ఆ ప్రశ్నను మరల మరల తలచుటకు తీరిక దొరకినది. చిత్రమునకు అట్టి తీరిక లేదు. మొదటి ఆట విడిచిన గడియకే తీర్పు వెలువడును. జానీలోని పోరాటముల సహజత్వమును, నాయకుని మితభాషిత్వమును మెచ్చువారు తరువాతి కాలమున కనబడిరి. కొట్టముల లెక్క అప్పటికే ముగిసినది.

నేడు పిల్లలు చేతిలోని యంత్రమునందు ఏ దేశపు పోరాటమునైనను చూచుచున్నారు. వారిని వలదనుట మన చేతిలో లేదు. చూచివచ్చిన పిమ్మట వారిని పిలిచి కూర్చుండబెట్టి అడుగుట మన చేతిలో ఉన్నది. ఎవడు ఎవనిని కొట్టినాడు? ఏ తప్పునకు కొట్టినాడు? ఆ దెబ్బ నియమమునకు లోబడినదా? తప్పు చేయనివాడు ఎదుట నిలిచినప్పుడు గెలుపు ఎట్టిది? భారతపు మైదానమున పెరిగిన వృద్ధులకు ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. వానిని మనుమల చెవిని వేయుట మాత్రము మిగిలియున్నది.