దొడ్డి, గోష్ఠి, జీవాలు

1985 మార్చి శాసనసభ ఎన్నికలు ముగిసిన కొద్ది రోజులకు నేనొక కవిత రాశాను. అప్పుడు దేవరకొండ ప్రాంతంలో తెలుగు పంతులుగా పనిచేస్తున్నాను. ఓట్లు వేసి వచ్చి, మళ్లీ అవే పెత్తందారుల వాకిళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ జనాన్ని చూసి ఆగ్రహం కలిగింది. ఆ ఆగ్రహానికి నాకు తట్టిన ఉపమానం గొర్రె. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందన్న సామెతను అటూ ఇటూ తిప్పి నలభై పంక్తులు పూర్తిచేశాను. అది అచ్చయింది. మిత్రులు మెచ్చుకున్నారు.

నెల గడిచాక డిండి వాగు దగ్గర గొర్రెలు మేపే ఒక కురుమ తాత నన్ను దారిలో ఆపాడు. ఆయన మనుమడు నా తరగతిలో చదువుతున్నాడు. కవితను తాతకు చదివి వినిపించింది ఆ పిల్లవాడే.

“సారూ, గొర్రె కసాయోన్ని నమ్ముతదని రాస్తివంట. గొర్రె వాన్ని ఎన్నడు నమ్మింది? అది నమ్మింది నన్ను. పుట్టిననాడు తల్లి చన్ను నోటికి పట్టించినోన్ని నేను. కసాయోనికి అమ్మింది గూడ నేనే. మిత్తి కట్టనీకి అమ్మిన. ఆ మిత్తి ముచ్చట నీ పాటల యాడుంది?”

నా దగ్గర జవాబు లేదు. నా కవితలో కసాయి ఉన్నాడు, గొర్రె ఉంది, మూర్ఖత్వం ఉంది. అప్పు లేదు. అప్పిచ్చినవాడు అసలే లేడు. దోపిడీని ఎండగట్టాలని కూర్చున్నవాణ్ణి, దోపిడీకి గురైనవాడి తెలివిని వెక్కిరించి లేచాను. ఆ పనిని నా చేత చేయించింది ఒక సామెత. అప్పటి నుంచి పశువుల పేర్లు, పశువుల పనిముట్ల పేర్లు మనుషుల మీదికి ఎలా వచ్చాయి, ఎవరి నోటి నుంచి వచ్చాయి అన్న విషయాన్ని గమనిస్తూ వచ్చాను. ఈ వ్యాసం ఆ గమనింపు ఫలితం.

ముందుగా ప్రాచీన గ్రీకు ఉదాహరణలు కొన్ని చూద్దాం. బానిస శ్రమ మీద నిలబడ్డ సమాజంలో మాటలు ఎలా తయారవుతాయో అక్కడ దాపరికం లేకుండా కనిపిస్తుంది. గ్రీకులో నాలుగు కాళ్ల పశువును ‘తెత్రాపొదోన్’ అంటారు. యుద్ధంలో పట్టుబడి అమ్ముడుపోయిన మనిషికి ఆ మాటను చూసే ఇంకొక మాట కట్టారు: ‘అంద్రాపొదోన్’. అంటే మనిషి కాళ్లున్నది. పశువుకు నాలుగు కాళ్లు, దీనికి మనిషి కాళ్లు, తేడా అంతవరకే. వ్యాకరణంలో కూడా అది నపుంసకలింగం. హోమరు ‘ఇలియడ్’ ఏడవ సర్గ చివర సైనికులు ద్రాక్షసారాయి కొనుక్కునే ఘట్టం ఉంది. కంచు, ఇనుము, తోళ్లు, పశువులు ఇచ్చి కొంటారు. ఆ వరసలోనే ఈ ‘మనిషి కాళ్లున్నవి’ కూడా ఉన్నాయి. ఇది ఎవరో కవి కల్పించిన అలంకారం కాదు. సంతలో బేరం కోసం పుట్టిన మాట.

అదే హోమరు రాజును ‘ప్రజల కాపరి’ అంటాడు. అగమెమ్నానుకు అది మాటిమాటికీ వచ్చే విశేషణం. రాజు కాపరి అయితే ప్రజలు మంద అని వేరే చెప్పనక్కర లేదు. నిజమైన కాపరి మందను ఎందుకు సాకుతాడు? ఉన్ని కోసం, పాల కోసం, మాంసం కోసం. పొగడ్తగా పుట్టిన ఆ విశేషణం తనకు తెలియకుండానే ఒక సత్యాన్ని బయటపెట్టింది.

చట్టాన్ని గ్రీకులో ‘నోమోస్’ అంటారు. ఊనిక మార్చి పలికితే అదే మాటకు పచ్చికబయలు అని అర్థం. రెండూ ‘పంచిపెట్టు’ అనే ధాతువు నుంచి వచ్చాయి. మేత భూమిని పంచడంలో పుట్టిన మాట రాజ్యాన్ని నడిపే చట్టమైంది. దీన్ని వింతగా చూడనక్కర లేదు. మన దగ్గర గడ్డి మీద వేసిన పన్నుకు ‘పుల్లరి’ అని పేరు. 1922లో పల్నాడులో ఆ పుల్లరిని ధిక్కరించినందుకే కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలయ్యాడు. పచ్చికకూ చట్టానికీ ఉన్న చుట్టరికం ఏథెన్సు పండితుల కంటే మన పసుల కాపరులకు బాగా తెలుసు.

ఇక మన భాషకు వద్దాం. మనం ‘సాహిత్య గోష్ఠి’ జరుపుతాం. ‘గవేషణ’ చేస్తాం. సత్యం మనకు ‘గోచరిస్తుంది’. గోష్ఠం అంటే ఆవుల కొట్టం. గోష్ఠి అక్కడి నుంచే వచ్చింది. గవేషణ అంటే తప్పిపోయిన ఆవులను వెతకడం. గోచరం అంటే ఆవులు తిరిగే మేర. ఈ మూడూ పసులు కాసినవాళ్ల బతుకులోంచి పుట్టిన మాటలే. సంస్కృతంలో పండితుల వాడుకలో పడి వీటికి పేడ వాసన పోయింది. ఈనాడు సాహిత్య గోష్ఠికి వచ్చిన అధ్యక్షుడికి తాను ఆవుల కొట్టంలో కూర్చున్నానన్న స్పృహ ఉండదు.

పశువులను కట్టివేసే చోటుకు తెలుగులో ఇంకొక మాట ఉంది. అది దొడ్డి. అర్థం దాదాపు అదే. కాని దాని గతి చూడండి. ‘దొడ్డిదారి’ అంటే అక్రమ మార్గం. ‘దొడ్డికి పోవడం’ అంటే ఏమిటో చెప్పనక్కర లేదు. ‘బందెలదొడ్డి’ అంటే పశువుల జైలు. ఒకే వస్తువుకు రెండు పేర్లు. పండితుల నోట పడ్డది పాండిత్య సభ అయింది. కాపరుల నోట మిగిలింది మలానికీ, దొంగతనానికీ, నిర్బంధానికీ పేరైంది. ఈ ఎగుడుదిగుడులకు కారణం శబ్దంలో లేదు. ఆ శబ్దాన్ని పలికినవాళ్లకు సమాజంలో ఉన్న స్థానంలో ఉంది.

బందెలదొడ్డి సంగతి నల్లగొండ చరిత్రలోకి తీసుకుపోతుంది. నైజాం పాలనలో దేశ్‌ముఖుల కింద నలిగిన పల్లెల్లో మేత భూమి ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ల చేతిలో ఉన్నట్టే. గడ్డి మీద అధికారం, పశువును పట్టి బందె పెట్టే అధికారం, జరిమానా వేసే అధికారం ఒక్క గడిలోనే పోగుపడ్డాయి. వెట్టిచాకిరిలో ప్రతి వృత్తికీ ఒక విధి ఉండేది. గొల్ల కురుమలు గడిలో జరిగే శుభకార్యాలకూ, ఊరికి వచ్చిన అధికారుల విందులకూ మందలోంచి గొర్రెలను ఊరకే అప్పగించాలి. అప్పు కింద ఏళ్ల తరబడి జీతం ఉన్న మనిషి పని ‘గొడ్డుచాకిరి’. ఎదురు తిరిగినవాడికి ‘ముకుతాడు’ వేస్తామనేవారు. ఈ మాటలు రాసేటప్పుడు మనం వాటిని అలంకారాలనుకుంటాం. గడి ముందు నిలబడ్డవాడికి అవి అలంకారాలు కావు. పశువుకు చేసిన పనినే మనిషికి చేస్తామన్న హెచ్చరికలు. గ్రీకు సంతలో ‘మనిషి కాళ్లున్నది’ అన్న మాటకూ, మన ‘గొడ్డుచాకిరి’కీ మధ్య దూరం చాలా తక్కువ.

1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద తుపాకులు కాల్చారు. నేలకొరిగినవాడు గొర్రెలు కాసే కురుమ ఇంటి బిడ్డ. తెలంగాణ సాయుధ పోరాటపు తొలి అమరుడిగా చరిత్రకెక్కిన ఆయన పేరు దొడ్డి కొమరయ్య. ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందన్న చర్చలోకి నేను పోను. కాని ఆ రోజు తర్వాత నల్లగొండ పల్లెల్లో ‘దొడ్డి’ అన్న శబ్దం వినగానే ముందుగా గుర్తుకు వచ్చేది బందెలదొడ్డి కాదు, మలమూత్రాలు కాదు. నిఘంటువులు వేల ఏళ్లుగా చేయని పనిని ఒక మనిషి చావు చేసింది. మాటల అర్థాలు మారేది ఇలాగే. పండితులు తీర్మానించినందువల్ల మారవు. ఆ మాట కింద నలిగినవాళ్లు లేచి నిలబడితే మారతాయి.

లేచి నిలబడే అవకాశం లేని చోట వాళ్లు ఇంకో దారి వెతుక్కున్నారు. ఏస్కిలస్ ‘అగమెమ్నాన్’ నాటకం క్రీ.పూ. 458లో ప్రదర్శించారు. అందులో రాజభవనం మీద కాపలా ఉన్న సేవకుడికి ఆ ఇంటి గుట్టంతా తెలుసు, నోరు విప్పితే ప్రాణానికి ముప్పు. తన నాలుక మీద పెద్ద ఎద్దు కాలు మోపిందని అతను అంటాడు. అది ఆనాటి గ్రీకు సామెత. గడిలో జీతమున్న మనిషి మౌనాన్ని ఇంతకంటే బాగా చెప్పగలమా? ఇక్కడ పశువు పేరు తిట్టు కాదు, సాక్ష్యం.

జంతువుల నీతికథలకు పేరుపొందిన ఈసపు సామోసు ద్వీపంలో ఇయాద్మోను అనేవాడికి బానిసగా ఉండేవాడని హెరొడోటస్ రాశాడు. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ఆ కథలను లాటిన్ పద్యాలుగా రాసిన ఫీడ్రస్ కూడా బానిసత్వం నుంచి విడుదల పొందినవాడే. నేరుగా చెప్పలేని బానిస, జంతువుల నోట చెప్పించడం కోసం ఈ ప్రక్రియను కనిపెట్టాడని అతని అభిప్రాయం. యజమాని మనిషిని పశువుగా మార్చి మాట్లాడితే, బానిస పశువు చేత మనిషి మాటలు పలికించాడు. రెండూ ఉపమానాలే. కాని ఒకటి నోరు మూయించడానికి, రెండోది నోరు విప్పడానికి.

మన నేల మీద గొల్లసుద్దులు ఆ రెండో రకానికి చెందుతాయి. పశువులు కాసేవాళ్ల ఈ కళారూపాన్ని సుద్దాల హనుమంతు పోరాట ప్రచారానికి మలిచాడు. పసులు కాసే జీతగాడు పిల్లవాణ్ణి పలకరిస్తూ ఆయన రాసిన పాట ‘మాభూమి’ సినిమా ద్వారా ఇంటింటికీ చేరింది. ఆ పాటలో పిల్లవాడి మీద జాలి ఉంది, కాని అవహేళన లేదు. వాడిని పశువుతో పోల్చే అవసరం ఆ కవికి రాలేదు. పశువుల మధ్య వాడు పడే పాటు తెలిసినందువల్ల వాడిని వీరుడిగానే పిలవగలిగాడు. నేను నా కవితలో చేయలేనిది సరిగ్గా అదే.

దగ్గరి కాలంలో పాలమూరు నుంచి ఒక ఉదాహరణ. డిగ్రీ చదివినా కొలువు రాక బర్రెలు కొనుక్కుని కాస్తున్నానని ఒక యువతి వీడియోలో చెప్పింది. జనం ఆమెను ‘బర్రెలక్క’ అన్నారు. ఆ పిలుపులో కొంత వేళాకోళం లేకపోలేదు. 2023 నవంబరు శాసనసభ ఎన్నికలలో ఆమె కొల్లాపూర్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. గెలవలేదు. కాని ఆ పేరును దాచుకోకుండా, దానితోనే ఓటు అడిగింది. నిరుద్యోగం మీద మనం రాసిన వ్యాసాల కంటే ఆ ఒక్క పేరు ఎక్కువ మందికి చేరిందని ఒప్పుకోవాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. సామెతలు ప్రజల సొత్తు కదా, గొర్రెను చూసి కాపరులు కూడా నవ్వుతారు కదా, రచయిత వాడితే తప్పేమిటని. నిజమే. ఉపమానాలను నిషేధించాలని నేను అనడం లేదు. కాపరి నవ్వు వెనక ఆ జీవితో గడిపిన కాలం ఉంది. మన వాడుక వెనక ఏముంది? ‘గుదిబండ’ అని రోజూ రాస్తాం. కంచె దూకే పశువు మెడకు వేలాడదీసి, పరుగెత్తితే మోకాళ్లకు తగిలేట్టు కట్టే ఆ మొద్దును మనలో ఎంతమంది చూశారు? ‘గొర్రెదాటు’ అని విమర్శల్లో రాస్తాం. ఒకసారి మిట్టమధ్యాహ్నం వాగు దగ్గర గొర్రెలన్నీ ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడడం చూసి నేను నవ్వాను. తాత నవ్వలేదు.

“ఎండకు నెత్తి కాపాడుకుంటున్నయి సారూ. చెట్టు లేదు, చేమ లేదు. ఒకదాని నీడల ఒకటి ఉన్నయి. మీకైతే గొడుగులుంటయి.”

నేను మూర్ఖత్వం అనుకున్నది ఆయనకు ఐక్యంగా కనిపించింది. నిజానికి ఐక్యత అన్న పెద్ద మాట కూడా ఆయన వాడలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పాడు.

ఆ రోజు నేను ఇంకొకటి గమనించాను. ఆయన మందను ఎప్పుడూ ‘గొర్రెలు’ అనలేదు. ‘జీవాలు’ అన్నాడు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో అది మామూలు వాడుక. ‘జీవాలను తోలుకపోవాలె’, ‘జీవాలకు నీళ్లు పెట్టాలె’. గ్రీకులో దీనికి సమానమైన మాట ‘జోఓన్’. బతికి ఉన్నది అని అర్థం. మనిషికీ, జంతువుకూ ఒకటే. మనిషి సంఘజీవి అని అరిస్టాటిల్ చెప్పింది ఈ మాటతోనే. కాని అదే ‘రాజనీతి’ గ్రంథం మొదటి భాగంలో బానిసను ప్రాణమున్న ఆస్తిగా లెక్కకట్టాడు. అంత పెద్ద తత్వవేత్త జీవి అన్న మాటను కొందరు మనుషులకు పూర్తిగా ఇవ్వలేకపోయాడు. అక్షరం ముక్క రాని కురుమ తాత దాన్ని తన గొర్రెలకు కూడా ఇచ్చాడు.

నా కవితల సంపుటి వేసినప్పుడు ఆ నలభై పంక్తులను దిద్దుదామని కూర్చున్నాను. గొర్రె స్థానంలో ఇంకే జంతువును పెట్టినా కవిత నిలబడలేదు. తాత అడిగిన మిత్తిని అందులోకి తెచ్చేసరికి అది ఆ కవితగా మిగలలేదు. సంపుటిలోంచి తీసివేశాను. ప్రజలను జంతువుతో పోల్చే ముందు ఇప్పటికీ ఒక ప్రశ్న వేసుకుంటాను: ఈ జీవిని అమ్మించిన అప్పు ఎవరిది? యువ రచయితలు కూడా ఈ ప్రశ్న వేసుకుంటే మంచిదని నా మనవి.