అక్షారలవణం: ఉప్పు లేని హవిస్సు కథ

వివాహానంతరం వధూవరులు మూడు రాత్రులు భూశయనం చేయాలి, బ్రహ్మచర్యం పాటించాలి, క్షారలవణాలను వర్జించాలి. ఇది ఆపస్తంబ గృహ్యసూత్ర విధి. తెలుగునాట కృష్ణ యజుర్వేదులలో అధికులు ఆపస్తంబ సూత్రులే కనుక, ఒకప్పుడు ఈ దేశంలో ఎన్నో నూతన దాంపత్యాలు ఉప్పు లేని అన్నంతోనే ఆరంభమయ్యాయనవచ్చు. ఆశ్వలాయనుడు ఈ నియమాన్ని మూడు రాత్రులకే పరిమితం చేయలేదు. పన్నెండు రాత్రులనీ, లేదా ఒక సంవత్సరమనీ వికల్పాలు చెప్పాడు. మనుస్మృతి పంచమాధ్యాయంలో ఇదే నియమం ఆశౌచ దినాలకు విహితమైనది. పెండ్లి పందిరి నుండి వచ్చినవారికీ, శ్మశానం నుండి తిరిగివచ్చినవారికీ ధర్మశాస్త్రం ఒకే భోజనాన్ని విధించడం ఆలోచించదగిన విషయం. హర్షంలోనూ శోకంలోనూ మనస్సు తన వశం తప్పుతుంది. ఆ రెండు వేళలా రుచిని కొంత వెనుకకు నెట్టితే చిత్తానికి ఆలంబనం దొరుకుతుందన్న అనుభవం ఈ విధుల వెనుక ఉన్నట్లు తోస్తుంది.

అయితే సంప్రదాయ గ్రంథాలలో కనిపించే ‘అక్షారలవణం’ అనే పదానికి అర్థం ఏమిటన్న విషయంలో వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయానికి రాలేదు. క్షారమూ లవణమూ రెండూ లేనిది అన్నది ఒక పక్షం. క్షారం కాని లవణం, అనగా కృత్రిమంగా వండి తీయని సహజమైన ఉప్పు, సైంధవం వంటిది అన్నది మరొక పక్షం. మొదటి అర్థం తీసుకుంటే ఉప్పు పూర్తిగా నిషిద్ధం. రెండవది తీసుకుంటే సైంధవానికి ద్వారం తెరచుకుంటుంది. ఉత్తర భారతంలో ఏకాదశి, నవరాత్రి ఉపవాసాలలో సైంధవ లవణం వాడే ఆచారం ఈ రెండవ పక్షానికి దగ్గరగా నిలుస్తుంది. తరువాతి కాలపు స్మృతి నిబంధాలలోని హవిష్య పదార్థాల పట్టికలో సైంధవ, సాముద్ర లవణాలు రెండూ స్థానం పొందాయి. నియమం కఠినంగా పుట్టి, గృహస్థుల శక్తిని బట్టి క్రమంగా మృదువైన తీరు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఇందులో దోషం లేదు. కాని సైంధవం తిన్నవారు ఉప్పు మానినట్లు భావించడం మాత్రం భ్రాంతి. రాతి నుండి తవ్వినా సముద్రజలం నుండి ఎండబెట్టినా ప్రధాన పదార్థం ఒక్కటే. వైద్యుడు ఉప్పు తగ్గించమన్న రోగికి సైంధవం మినహాయింపు కాజాలదు.

అగ్నికార్యంలో ఈ సందేహానికి తావు లేదు. క్షారలవణాలతో హోమం లేదని ఆపస్తంబ ధర్మసూత్రం స్పష్టపరచినది. దక్షిణాదిన అన్నాన్ని ఉప్పు లేకుండానే వండుతారు. ఉప్పు పప్పులో, పులుసులో, కూరలో ఉంటుంది. అందుచేత వైశ్వదేవానికి ప్రత్యేకమైన పాకం అక్కరలేకుండానే, ఇంటి గిన్నెలోని అన్నం నేయి అభిఘరించినంత మాత్రాన హవిస్సు కాగలుగుతుంది. నిత్యం వండే పదార్థమే దేవతాభాగానికి యోగ్యమై ఉండడం ఈ పాకసంప్రదాయంలోని సౌలభ్యం.

లవణాన్ని ఋషులు ద్వేషించలేదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు ఆత్మతత్త్వం బోధించడానికి ఎన్నుకున్న ద్రవ్యాలలో ఉప్పు ఒకటి. రాత్రి నీటిలో వేసిన ఉప్పు ఉదయానికి కంటికి కనిపించదు. పైన, నడుమ, అడుగున ఎక్కడ రుచి చూసినా ఉంటుంది. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన దృష్టాంతమూ ఇదే, నీటిలో కరిగిపోయిన సైంధవ ఖండం. అంతటి దృష్టాంతానికి తగిన వస్తువును భోజనంలో ఎందుకు నియంత్రించారు? గీత సప్తదశాధ్యాయంలో రాజసాహారాన్ని వర్ణించేటప్పుడు కటు, ఆమ్ల, లవణాలు వరుసగా వస్తాయి. అక్కడి ‘అతి’ శబ్దాన్ని ఆ పదాలన్నింటితో అన్వయించుకోవాలని శంకర భగవత్పాదులు భాష్యంలో సూచించారు. ఆ అన్వయం ప్రకారం అక్కడ చెప్పిన దోషం ఉప్పుది కాదు, అతిశయానిది.

చరక సంహిత విమానస్థానం ఇదే విషయాన్ని వైద్యదృష్టితో చెబుతుంది. అధికంగా వాడరాని ద్రవ్యాలుగా అక్కడ పేర్కొన్నవి మూడు: పిప్పలి, క్షారం, లవణం. బాహ్లిక, సౌరాష్ట్ర, సింధు, సౌవీర దేశాల జనులు పాలలో సైతం ఉప్పు కలిపి త్రాగుతారని ఆ గ్రంథం విమర్శిస్తుంది. అతిలవణ సేవనం వలన శరీరానికి గ్లాని, శైథిల్యం, అకాలంలో నెరసిన జుట్టు, ముడుతలు కలుగుతాయని హెచ్చరిస్తుంది. ఇంకొక సూక్ష్మం ఉన్నది. అలవాటైన దానిని ఒక్కసారిగా కాక క్రమక్రమంగా విడవడమే శ్రేయస్కరమని అదే ప్రకరణం బోధిస్తుంది. నేడు ఉప్పు తగ్గించదలచిన వారికి ఇంతకంటే ఆచరణయోగ్యమైన సలహా దొరకదు. దినానికి అయిదు గ్రాములకు లోపల ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు సూచిస్తున్నది. అంటే ఒక చిన్న చెంచాడు.

ఉప్పు లేని అన్నాన్ని మరి రుచిగా ఎలా తిన్నారు? హవిష్య పట్టికలోనే సమాధానం ఉన్నది. పిప్పలి, జీలకర్ర, చింతపండు, ఉసిరిక, మామిడి, అరటి, గోవు పెరుగు, నేయి అందులో చోటు చేసుకున్నాయి. అంటే లవణం తొలగిన స్థానాన్ని పులుపు, ఘాటు, స్నేహద్రవ్యం కలిసి పూరిస్తాయి. మిరపకాయ ఈ దేశానికి పోర్చుగీసు వర్తకుల ద్వారా పదహారవ శతాబ్దంలో వచ్చినది. అంతకు పూర్వం కారమంటే మిరియం, పిప్పలి, శొంఠి. ఈనాటికీ అనేక దేవాలయ పాకశాలలలో మిరియానిదే ఆధిక్యం. పానకంలో మిరియపు పొడి, ఏలకులు చాలు. చలిమిడికి, చిమ్మిలికి, రథసప్తమి నాటి పరమాన్నానికి ఉప్పు ప్రసక్తే లేదు.

కూరల విషయంలో అనుభవం కొన్ని మెలకువలు నేర్పినది. ఉప్పు చేదును అణచే గుణం కలది. అది లేనప్పుడు కాకర, మెంతికూర మరింత చేదెక్కుతాయి; గుమ్మడి, చిలగడదుంప, అరటికాయ, సొర వంటివి సులువుగా రుచిస్తాయి. చుక్కకూర, గోంగూర తమ పులుపును తామే తెచ్చుకుంటాయి. కాయలను విస్తారమైన నీటిలో ఉడికించి వార్చివేస్తే వాటి సహజ లవణాలు కూడా పోతాయి. మూతపెట్టి సొంత నీటిలోనే మగ్గనిస్తే అవి నిలుస్తాయి. నువ్వులు, ధనియాలు, జీలకర్ర దోరగా వేయించి అప్పటికప్పుడు దంచి చల్లడం, దించిన తరువాత నిమ్మరసం పిండడం, నేతిలో అల్లం కరివేపాకు పోపు పెట్టడం — ఈ మూడింటితో నాలుక చాలావరకు సమాధానపడుతుంది. మొదటి వారం మాత్రం దానికి అసంతృప్తి తప్పదు.

ఈ సంప్రదాయమంతా ఒక దేవుని మహానైవేద్యంగా నిలిచిన చోటు తంజావూరు మండలంలో, కుంభకోణం సమీపాన ఉన్న తిరునాగేశ్వరం. నూట ఎనిమిది దివ్యదేశాలలో తిరువిణ్ణగరంగా ప్రసిద్ధమైన ఈ క్షేత్రంలోని స్వామి ఒప్పిలియప్పన్. ఆయనకు సమర్పించే నైవేద్యాలలో ఉప్పు ఉండదు. మార్కండేయ మహర్షికి తులసి వనంలో లభించిన పసిబిడ్డ భూదేవి. ఆమె పెరిగిన తరువాత స్వామి వృద్ధుని రూపంలో వచ్చి కన్యను యాచించాడట. పిల్ల చిన్నది, వంటలో ఉప్పు ఎంత వేయాలో కూడా తెలియదని మహర్షి సంకోచించాడు. ఉప్పు లేకపోయినా తాను భుజిస్తానని స్వామి మాట ఇచ్చాడు. ఆ మాట ఇంకా చెల్లుతూనే ఉన్నది.

చరిత్ర దృష్టితో చూస్తే ఆ నామం మరింత ఆసక్తికరం. నమ్మాళ్వారు తిరువాయ్‌మొళి ఆరవ పత్తు మూడవ దశకంలో ఈ స్వామిని సాటిలేని తండ్రిగా కీర్తించారు. తమిళంలో ‘ఒప్పు’ అనగా సాటి, ‘ఇలి’ అనగా లేనివాడు. ‘ఉప్పు’ అనగా లవణం. ఒక అచ్చు మారితే ఒప్పిలి ఉప్పిలి అవుతాడు. ఈ ధ్వనిసామ్యం కథకు బలం ఇచ్చినదని భావించడం సమంజసం. భక్తులకు ఆ రెండు అర్థాల మధ్య వైరుధ్యం తోచలేదు. కుమార్తె చేతకానితనాన్ని చెప్పి వెనుదీసిన తండ్రి ఎదుట తన రుచినే వదులుకున్న వరునికి సాటి ఎవరని వారి ప్రశ్న.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ అలవణ వ్రతం ఒక ఇంట మళ్ళీ పరీక్షకు వచ్చినది. దక్షిణాఫ్రికాలో కస్తూరిబా రక్తస్రావంతో బాధపడుతున్నప్పుడు, ఉప్పును, పప్పుధాన్యాలను మానమని గాంధీజీ కోరారు. ఎవరైనా చెబితే మీరే మానలేరు కదా అని ఆమె బదులు చెప్పగా, ఆయన ఆ క్షణమే ఒక సంవత్సరం పాటు రెండింటినీ విడిచారు. ఆమె పశ్చాత్తాపపడి బ్రతిమాలినా ఆ ప్రతిజ్ఞ మారలేదు. ఆమె ఆరోగ్యం కుదుటపడినదని ఆత్మకథలో వ్రాసుకున్నారు. ఉప్పును విడిచిన ఆ మనిషే, పేదవాని ఉప్పుపై పన్ను అన్యాయమని 1930 మార్చి 12న సబర్మతి నుండి బయలుదేరి, ఏప్రిల్ 6న దండి తీరంలో వంగి పిడికెడు ఉప్పును చేతిలోకి తీసుకున్నారు.