కొత్త ఎయిర్ పిస్టల్ కొన్నాక: పిడి నుంచి సైట్ల దాకా ఏది ముందు, ఏది తర్వాత

మహారాష్ట్రలో షూటింగ్‌కు ఎప్పటినుంచో పేరుంది. కొల్హాపూర్‌కు చెందిన రాహీ సర్నోబత్ 2018 ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో స్వర్ణం గెలిచింది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు తెచ్చింది. ఇప్పుడు మన షోలాపూర్ తెలుగు ఇళ్లలోనూ ఈ ఆట నేర్చుకునే పిల్లలు కనిపిస్తున్నారు.

పోటీకి పనికొచ్చే పిస్టల్ ధర లక్ష దాటుతుంది. డబ్బు పెట్టేది తాతలు, తండ్రులు. దానితో వచ్చే పుస్తకమేమో జర్మన్‌లోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. మా మనవరాలి పిస్టల్‌తో ఏడాదిలో నేర్చుకున్నది, చేసిన తప్పుతో సహా, తెలుగులో రాసి పెడితే నలుగురికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాము.

ముందుగా నియమాలు

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ గొట్టం 4.5 మి.మీ. ఉండాలి. మొత్తం బరువు 1500 గ్రాములు మించకూడదు. ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. పిస్టల్ 420, 200, 50 మి.మీ. కొలతల పెట్టెలో పట్టాలి. పిడి మణికట్టును తాకకూడదు. ఏ మార్పు చేసినా ఈ హద్దుల్లోనే.

వరుస తప్పితే పని రెండింతలు

కొత్త మగ్గానికి అన్నీ సరిచూసుకోకుండా నేత మొదలుపెట్టరు కదా, ఇదీ అంతే. ముందు గాలి సిలిండర్, తర్వాత పిడి, తర్వాత ట్రిగ్గర్, తర్వాత పెల్లెట్లు, చివరికి సైట్లు. మేము మొదటి రోజే సైట్లు తిప్పి పది కొట్టించాలని చూశాము. ఆ తర్వాత పిడి అరగదీసిన ప్రతిసారీ గుండు వేరేచోట పడింది. నెల రోజులు వృథా అయ్యాయి.

గాలి సిలిండర్

సాధారణంగా 200 బార్ వరకు నింపుతారు. నెమ్మదిగా నింపాలి, లేకపోతే వేడెక్కుతుంది. పొడి గాలి మాత్రమే వాడాలి. వెల్డింగ్ షాపు దగ్గరుంది కదా అని ఆక్సిజన్ నింపించారంటే పేలిపోయే ప్రమాదం ఉంది, ప్రాణాలకే ముప్పు. అదే కారణంగా గాలి వెళ్లే భాగాలకు కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె లాంటివి పెట్టకూడదు. సిలిండర్ మీద తేదీ ముద్ర ఉంటుంది. పదేళ్లు దాటినది పోటీలో చెల్లదు. పాత పిస్టల్ కొనేవాళ్లు ముందు ఆ తేదీ చూడాలి.

పిడి

అసలు పనంతా ఇక్కడే. చెక్క పిడి చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తుంది కానీ ఎవరి చెయ్యి వారిది. పరీక్ష సులువు: కళ్లు మూసుకుని, పిస్టల్ ఎత్తి, రెండు శ్వాసల తర్వాత కళ్లు తెరవాలి. ముందు సైటు వెనక సైటు గాడిలో మధ్యన నిలిస్తే పిడి కుదిరినట్టు. ప్రతిసారీ ఒకే పక్కకు జరిగి కనిపిస్తే పిడి మార్చాలి గానీ, మణికట్టు తిప్పి సరిచేయకూడదు. అలసిపోయాక మణికట్టు తన దారికి తాను వెళ్లిపోతుంది.

ఖాళీగా ఉన్నచోట ఎపాక్సీ పుట్టీ పెట్టి, చేత్తో పట్టుకుని అచ్చు తీసుకోవాలి. ఒరుసుకునేచోట గరుకు కాగితంతో కొద్దికొద్దిగా తీయాలి. ట్రిగ్గర్ వేలు చెక్కకు తగలకూడదు. మేము తెలిసిన వడ్రంగికి ఇస్తే ఒక్క పూటలోనే ఎక్కువ తీసేశాడు. తప్పు అతనిది కాదు, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టకుండా ఇచ్చిన మాది. ఎదిగే పిల్లలకు ఆరు నెలలకోసారి ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

ట్రిగ్గర్

గొట్టాన్ని నిలువుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కు 500 గ్రాముల తూకం తగిలించి పైకి ఎత్తుతారు. తూకం నేల నుంచి లేవాలి. మేము వంటింటి త్రాసుతో సరిగ్గా 500 పెట్టి తీసుకెళ్లాము. పోటీకి ముందు తనిఖీలో తూకం లేవలేదు. అక్కడికక్కడే స్క్రూ తిప్పి సరిచేసుకోనిచ్చారు గాని, అమ్మాయి చేతులు వణుకుతూనే ఆట మొదలుపెట్టింది. పోటీ అయ్యాక జరిగే తనిఖీలో ఇలా పట్టుబడితే పేరే కొట్టేస్తారు. అందుకే ఇప్పుడు 510, 520 మధ్య ఉంచుతున్నాము. అసలైన తూకం ఒకటి రేంజిలో అడిగి వాడుకోండి.

పెల్లెట్లు

కొత్త బండి రన్నింగ్‌లో పడ్డట్టే, కొత్త గొట్టం కూడా కొన్ని వందల షాట్ల తర్వాత నిలకడకు వస్తుంది. మేము 500 కొట్టాకే పెల్లెట్లు పరీక్షించాము. చదును తల పెల్లెట్లే వాడాలి. తల కొలత 4.49, 4.50 అని డబ్బా మీద ఉంటుంది. పిస్టల్‌ను బిగించి, ఒక్కో రకంతో పదేసి షాట్లు కొట్టి, దగ్గర దగ్గరగా పడ్డ రకాన్ని ఎంచుకోవాలి.

పది రింగు వెడల్పు 11.5 మి.మీ. గుండు అంచు గీతను తాకినా పదే. అంటే గుండు మధ్యభాగం కేంద్రం నుంచి 8 మి.మీ. లోపు పడితే చాలు. బిగించి కొట్టినప్పుడు పిస్టల్ ఇంతకంటే చాలా చిన్న గుంపు వేస్తే, ఇక ఎనిమిదులకు పిస్టల్‌ను తిట్టి లాభం లేదు. కొత్తది కొనిపెట్టే ముందు ఈ ఒక్క పరీక్ష చేయించండి.

సైట్లు

చివరి పని ఇది. గుండు ఎటు వెళ్లాలో వెనక సైటును అటు జరపాలి. కొన్ని జర్మన్ సైట్ల మీద ఉండే హెచ్ అక్షరానికి అర్థం "గుండు పైన పడుతుంటే ఇటు తిప్పు" అని. పైకి పంపడానికి అనుకుని తిప్పితే ఇంకా కిందికి పోతుంది. ఐదు షాట్లు కొట్టి, ఐదు క్లిక్కులు తిప్పి, మళ్లీ ఐదు కొట్టి చూసుకోండి. ఒక్క షాటు చూసి తిప్పకండి. గాడిలో ముందు సైటు ఒక్క మి.మీ. పక్కకు జరిగితే లక్ష్యం దగ్గర సుమారు 30 మి.మీ. తేడా, అంటే దాదాపు నాలుగు రింగులు.

ఒక రిజిస్టర్ పెట్టండి

గుమాస్తా ఉద్యోగం నేర్పిన అలవాటు ఇక్కడ పనికొచ్చింది. తేదీ, షాట్లు, సిలిండర్ ఒత్తిడి, ట్రిగ్గర్ బరువు, పెల్లెట్ డబ్బా నంబరు, ఏ స్క్రూ ఎన్ని క్లిక్కులు. ఒక రోజు ఒకే మార్పు. ఇది ఉంటే వెనక్కి వెళ్లగలం, లేకపోతే ఊహే దిక్కు.

టోక్యో ఒలింపిక్స్‌లో మనూ భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించింది. బాగుచేసుకోవడానికి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయింది. 2024లో పారిస్‌లో అదే విభాగంలో కాంస్యం గెలిచింది. పనిముట్టు ఎంత మంచిదైనా ఒక రోజు మొండికేస్తుంది. పోటీకి వారం ముందు స్క్రూలన్నీ చూసుకోవడం, ఆ తర్వాత ఏదీ ముట్టుకోకపోవడం మన చేతిలో ఉంది.

ఒక్క మాట చివరగా. ఎయిర్ పిస్టల్ కూడా ఆయుధమే. ఇంట్లో తాళం వేసి, పెల్లెట్లు వేరే చోట, గొట్టంలో సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి ఉంచండి. కొనే ముందు నిబంధనలు మీ జిల్లా రైఫిల్ అసోసియేషన్‌లో అడిగి తెలుసుకోండి.