దుబాయి జాబుల పోయిన ఫోటో

మంట దగ్గరికి జరుగు బిడ్డా, చలి వెడ్తంది. ఏదీ, ఆ ఫోను గిట్ల దే. ఇంటోళ్ల ఫోటోలన్ని అతికిచ్చి పుస్తకం జేస్తున్నవని మీ అమ్మ జెప్పంగ మస్తు సంబురమైంది. గని ఇండ్ల అందరు గోడకు ఆనుకొని నిలవడ్డోళ్లే. ఎవలు ఏం పని జేసేటోళ్లో ఒక్కదాంట్ల గూడ కండ్లవడ్తలేదు.

1973ల చమురు ధర పెరిగినంక గల్ఫుల పనులు జోరందుకున్నయి. బీర్పూరు, కోరుట్ల, సిరిసిల్ల, ఏ దిక్కు జూసినా మొగోళ్లు దుబాయి, మస్కటు బాట వట్టిరి. నేను గప్పుడు జగిత్యాల స్టూడియోల పని నేర్సుకుంటున్న. ఫోన్లు యాడియి, జాబే దిక్కు. ఆ జాబుల వెట్టి పంపుతందుకు ఆడోళ్లు పిల్లలను ఎత్తుకొని బస్సెక్కి వచ్చేది. తండ్రి దుబాయి పోయినంక పుట్టిన పిల్లలెందరో! బిడ్డ మొకం ఆయన మొదాలు జూసేది మేం దీసిన కాయిదం మీదనే. హైద్రాబాదుల రాజా దీన్‌దయాళ్ 1892లనే ఆడోళ్లకు వేరే స్టూడియో వెట్టిండు గని, అది పెద్దింటోళ్లకు. మన ఇండ్లల్లకు ఫోటో వచ్చింది గీ జాబులతోనే.

ఒకామె వచ్చి, "పరదా ముంగట వద్దన్నా, మా ఇంటికాడ దియ్యి, ఆయనకు ఇల్లు కనవడాలె" అన్నది. మా ఉస్తాదు యాషికా కెమెరా మెడలేసుకొని బయిలెల్లిండు. రీలుకు 12 ఫోటోలే, అందుకే తొందరవడేది లేదు. ఆమె దర్వాజల కూసున్నది. లోపట చీకటి, బయటి ఎలుగు మొకం మీద మెత్తగ పడ్తంది. ఒడిల బీడీల చాట. ఆకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టి దారం గట్టుడు, ఆ చెయ్యి ఆగలే. పక్కన పొల్లగాడు తునికాకు ముక్క నోట్ల వెట్టుకోవోతే చెయ్యి చాపింది. గప్పుడే ఉస్తాదు నొక్కిండు, నిలవడి గాదు, కింద కూసోని, పొల్లగాని కండ్లంత ఎత్తుల. ఫ్లాషు గొట్టలే. గొడితే మొకం సున్నమేసిన గోడోలె అయితది.

రాత్రి ఎర్రబుగ్గ ఎలుగుల కాయిదాన్ని మందునీళ్లల్ల ఊపుతుంటె ముందుగాల దర్వాజ చీకటి తేలింది, ఎనుకనుంచి చాట, ఆఖరుకు మొకం. జాబుకు జవాబు వచ్చినంక ఆమె స్టూడియోకచ్చి జెప్పింది. కొడుకు సంగతి అడిగినంక, దండెం మీది తన అంగి ఇంక అట్లనే ఉన్నదా అని రాసిండట. ఆ అంగిని మేమెవలం జూడలే.

వరంగల్ ఫోటోగ్రాఫరు భరత్ భూషణ్ గూడ, 2022ల పాయె, బతుకమ్మ ఆడేటోళ్లను, పల్లె ఇండ్లను ఎంత పావురంగ దీసిండో. ఆయన ఫోటోలు దొరికితె నిదానంగ జూడు.

రేపు మీ బాపమ్మ సర్వపిండి అద్దంగ దియ్యి. నవ్వుమని అడుగకు. ఇల్లంత కనవడేటట్టు ఒకటి, పిండిల బొక్కలు వొడిసే వేళ్లయి ఒకటి. నడినెత్తిన ఎండల వద్దు, కండ్ల కింద నీడ వడ్తది. ఎనుక పెన్సిలుతోని పేరు, ఊరు, సాలు రాయి. పెన్ను సిరా ఊరి ముంగటికి వస్తది. గంజితోని అతికియ్యకు, పురుగు వడ్తది. నాలుగు దిక్కుల కాయిదం మూలలు వెట్టి అండ్ల దూర్చు.

నర్సింహస్వామి జాతరకు మీ మేనత్త వస్తది గదా. పెట్టెల ఉన్న పాత ఫోటోలల్ల ఎవలెవలో ఆమెకే ఎరుక. పక్కకు కూసోవెట్టుకొని ఒక్కొక్కల పేరు అడిగి రాసుకో.